రెండు వేలకు ఒకటి, ఇరవై వేలకు ఒకటి

కొన్నేళ్ల కిందటి దాకా ఇయర్‌ఫోన్ విడిగా కొనే వస్తువు కాదు. ఫోన్ కొంటే డబ్బాలో మడతపెట్టి అదీ ఉండేది. పోయిందనుకోండి, బస్టాండు దగ్గర నూట యాభై పెట్టి ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు డబ్బాలో ఇయర్‌ఫోన్ లేదు, చాలా ఫోన్లకు దాన్ని గుచ్చే రంధ్రమూ లేదు. సరే, కొందామని చూస్తే మూడు వందల నుంచి మూడు లక్షల దాకా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే సైజులో పెద్ద తేడా కనిపించదు.

"ఎంత పెడితే మంచిది వస్తుందండీ?" అని అడుగుతుంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత రేడియో కట్టేసినా నాకు అభ్యంతరం లేదు. తీగ ఉన్నదైతే రెండు వేలు చాలు. ఆ పైన పెట్టే డబ్బుకు మీ దగ్గర ఒక కారణం ఉండాలి. ఆ కారణం మీ నోటితో మీరు చెప్పగలగాలి. "ఇంకా బాగుంటుందట" అనేది కారణం కిందికి రాదు.

ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే చెవి దగ్గర మొదలుపెట్టాలి.

మన చెవి రంధ్రం పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండే చిన్న గొట్టం. ఒక చివర తెరిచి ఉంటుంది, రెండో చివర కర్ణభేరి మూసి ఉంచుతుంది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే దానికంటూ ఒక శ్రుతి పలుకుతుంది కదా, ఈ గొట్టానికీ అలాగే ఒక శ్రుతి ఉంది. అది సుమారు మూడు వేల హెర్ట్జ్ దగ్గర. బయటి నుంచి వచ్చే ఏ శబ్దాన్నయినా ఆ ప్రాంతంలో చెవి తనంతట తానే పెంచి లోపలికి పంపుతుంది. పుట్టినప్పటి నుంచీ అలాగే వింటున్నాం కాబట్టి, ఆ పెంపు ఉంటేనే మన మెదడుకు శబ్దం సహజంగా తోస్తుంది. మనిషి మాటలో స్పష్టతనిచ్చే భాగం చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఇప్పుడు ఆ గొట్టానికి రబ్బరు బిరడా బిగించామనుకోండి. గొట్టం రెండు వైపులా మూసుకుపోయింది. మూడు వేల దగ్గర ఉండాల్సిన ఆ పెంపు అక్కడ లేకుండా పోతుంది. చెవి చేసే పనిని ఇక ఇయర్‌ఫోనే చెయ్యాలి. తయారుచేసేవాడు ఆ పెంపును లెక్కగట్టి శబ్దంలోనే కలిపి పంపాలి. తక్కువ కలిపితే గాయని ఎక్కడో పక్క గదిలో పాడుతున్నట్టుంటుంది. ఎక్కువ కలిపితే మొహం మీద అరుస్తున్నట్టుంటుంది. దీన్నే ట్యూనింగ్ అంటారు. ఇయర్‌ఫోన్ మంచిచెడ్డల్లో మొదటి ముప్పావు వంతు ఇదే అని నా అభిప్రాయం.

ట్యూనింగ్ అంటే ఎంత బేస్, అంటే మంద్రధ్వని, ఎంత గొంతు, ఎంత ట్రెబుల్, అంటే పైస్థాయి ధ్వని, అన్న పాళ్లు. వాటిని సరిగా కలపడానికి కావలసింది తెలివి, కొలిచే పరికరం, ఓపిక. బంగారు తీగలు అక్కర్లేదు. అమెరికాలో హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు శ్రోతలను కూర్చోబెట్టి, ఏ పాళ్లు ఎక్కువమందికి నచ్చుతాయో ప్రయోగాలు చేసి ఒక గీత గీశారు. హార్మన్ టార్గెట్ అంటారు దాన్ని. చెవిలో పెట్టుకునే రకానికి కూడా అలాంటి గీత గీసి, ప్రచురించారు. అది వేదమేమీ కాదు, బేస్ కాస్త ఎక్కువని గొణిగేవాళ్లున్నారు, వారిలో నేనొకణ్ణి. కానీ ఏ దేశంలో ఏ చిన్న కంపెనీ అయినా చూసి అనుసరించగల గీత ఒకటి దొరికింది.

2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే శాస్త్రవేత్త 283 రకాల హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని, వాటి ధరలతో పోల్చి ఒక పరిశోధనాపత్రం వేశాడు. శబ్దంలో ఆ పాళ్లకూ ధరకూ సంబంధమే కనబడలేదని తేల్చాడు. ఖరీదైనవాటిలో పాళ్లు తప్పినవి ఉన్నాయి, చవకవాటిలో కుదిరినవి ఉన్నాయి. తక్కినవన్నీ, అంటే తయారీ గట్టిదనం, తీగ, సూక్ష్మమైన వివరాలు పలికించే శక్తి, ఇవి ఆయన కొలవలేదు. వాటికి కొంత డబ్బు పెట్టవచ్చు. అయితే ముందు పాళ్లు కుదరాలి.

రెండు వేల దగ్గరే మంచివి దొరకడానికి అసలు కారణం ఇదే. చైనాలో చిన్న చిన్న కంపెనీలు కొలిచే పరికరాలు చేతబట్టుకుని, ఆ గీతను ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెట్టాయి. చెంగ్డూ నగరంలోని మూన్‌డ్రాప్ వాళ్ల చూ 2 ఒక ఉదాహరణ. శబ్దం పుట్టించే డ్రైవర్ పది మిల్లీమీటర్లది ఒక్కటే, లోహపు గుల్ల, విడదీయగల తీగ, ధర రెండు వేలకు అటూఇటూ. సెవెన్ హెర్ట్జ్ అనే ఇంకో కంపెనీ, క్రినకిల్ పేరుతో ప్రసిద్ధుడైన సింగపూర్ సమీక్షకుడితో కలిసి చేసిన జీరో 2 కూడా ఆ చుట్టుపక్కలే. ఇవి తప్ప మరోటి కొనకండి అని కాదు, రేపు వీటిని మించింది రావచ్చు. పదేళ్ల కిందట ఈ ధరకు ఈ నాణ్యత ఊహించలేకపోయేవాళ్లం, అంతవరకు నిజం.

ఐదు వందలవి మరీ పనికిరావా అంటే, వార్తలకు, ఫోను మాటలకు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు భేషుగ్గా పనికొస్తాయి. వాటితో ఇబ్బంది రెండు చోట్ల. బేస్ గుమ్మరిస్తారు, అదే గొప్ప అని డబ్బా మీద అచ్చు కూడా వేస్తారు. ఆ బేస్ పొంగి పాడేవాళ్ల గొంతు మీద పడుతుంది. రెండోది తీగ. ఇయర్‌ఫోన్ చచ్చిపోయేది ఎప్పుడూ పిన్ను మొదట్లోనో, తీగ రెండుగా చీలే చోటో. తీగ ఊడదీసే వీలుంటే నాలుగైదు వందలు పెట్టి కొత్త తీగ తగిలించుకోవచ్చు. ఊడదీసే వీలు లేకపోతే చెవిలో భాగం నిక్షేపంగా ఉన్నా మొత్తం చెత్తబుట్టకే. కాబట్టి ఐదు వందల నుంచి రెండు వేలకు వెళ్లడాన్ని నేను ఖర్చు అనను. కొనేటప్పుడు మైక్ ఉన్న తీగా, లేనిదా అడిగి తీసుకోండి. ఈ రకాల్లో రెండూ అమ్ముతారు, అడగకపోతే ఇంటికొచ్చాక ఫోనెత్తి "హలో హలో" అనుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు చాలామంది దాటేసే విషయం. నేను మాత్రం ఇక్కడ కాసేపు ఆగుతాను.

కొత్త ఇయర్‌ఫోన్‌తో పాటు చిన్న కవర్లో రబ్బరు టోపీల్లాంటివి మూడు జతలు వస్తాయి. చిన్న, మధ్య, పెద్ద. టిప్స్ అంటారు. చాలామంది మధ్యవి తగిలించి ఉంటే వాటితోనే కాలక్షేపం చేస్తారు, తక్కిన రెండు జతలు డబ్బాలోనే ఉండిపోతాయి. ఆ కవర్లోనే మీ మొదటి అప్‌గ్రేడ్ ఉంది, అదీ ఉచితంగా. టిప్ చెవి గోడలకు గాలి చొరబడకుండా అతుక్కోవాలి. అతుక్కోకపోతే ముందు పారిపోయేది బేస్. మంద్రంలో ఉన్న ధ్వని గాలిని నెట్టాలి కదా, సందు ఉంటే ఆ నెట్టుడంతా సందులోంచి బయటికే పోతుంది. అప్పుడు ఇరవై వేలదైనా రేకు డబ్బాలా మోగుతుంది. "ఇంత పెట్టి కొన్నాను, బేసే లేదండీ" అన్నవాళ్లకు పెద్ద టిప్ వేసి చూపిస్తే నవ్వేస్తారు.

పెట్టుకునే పద్ధతి చెబుతాను, ఇయర్‌ఫోన్ దగ్గరుంటే చేసి చూడండి. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల వెనకనుంచి తీసుకొచ్చి చెవి పైభాగం పట్టుకుని, పైకీ వెనక్కీ కొంచెం లాగండి. చెవి రంధ్రం వంకరగా ఉంటుంది, అలా లాగితే తిన్నగా అవుతుంది. కుడి చేత్తో ఇయర్‌ఫోన్ లోపలికి తోసి, కొంచెం తిప్పి, చెవి వదిలెయ్యండి. గోడలు తిరిగి వచ్చి టిప్‌ను పట్టుకుంటాయి. సరిగా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి పాట అక్కర్లేదు. నోరు మూసుకుని "మ్మ్" అని కూనిరాగం తీయండి. మీ గొంతు బావిలోంచి వచ్చినట్టు తలలో మోగితే కూర్చున్నట్టే. ఒక చెవిలో మోగి రెండోదాంట్లో మోగకపోతే, రెండోదానికి వేరే సైజు వెయ్యండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని ఎక్కడా లేదు. చాలామందికి పట్టదు కూడా.

తీగను చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకునేలా తయారైనవి ఉంటాయి. మొదట విసుగ్గా ఉంటుంది గాని, చొక్కాకు తీగ రాసుకుంటే వచ్చే గరగర అలా తగ్గుతుంది. రబ్బరుకు బదులు స్పాంజి లాంటి ఫోమ్ టిప్స్ కూడా దొరుకుతాయి. నలిపి పెట్టుకుంటే లోపల ఉబ్బి అతుక్కుంటాయి. బయటి శబ్దం బాగా ఆపుతాయి, ట్రెబుల్ కొంచెం మెత్తబరుస్తాయి, కొన్ని నెలల్లో పాడవుతాయి. చెవి మూసుకున్నాక నడిస్తే మీ అడుగుల చప్పుడు, నమిలితే మీ పళ్ల చప్పుడు వినిపిస్తాయి. అది లోపం కాదు, మూసిన చెవికి అది మామూలే. అది భరించలేనివాళ్లకు ఈ రకం పడదు. చెవి బయట వేలాడే పాతరకం బడ్స్ కొనుక్కోవడం మేలు. రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు ఎవరికీ పడదు. వెనక లారీ హారన్ వినబడదు.

సరే, రెండు వేలది కొన్నాం, టిప్స్ కుదిరాయి. అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషు సమీక్షకులు ఏవో పాశ్చాత్య పాటలతో పరీక్షిస్తారు. మనకు అవి అక్కర్లేదు, మన పాటలే మంచి పరీక్ష పెడతాయి.

ముందు ఘంటసాల పాట ఒకటి పెట్టండి, 1957 నాటి మాయాబజార్‌లోదైనా సరే. ఆ కాలపు రికార్డింగులు మోనో. అంటే రెండు చెవులకూ అచ్చంగా ఒకే శబ్దం వెళ్లాలి, గొంతు సరిగ్గా తల నడిమధ్యన నిలవాలి. అది ఒక పక్కకు ఒరిగిందా, ఆ పక్కది ఎక్కువ మోగుతోందన్నమాట. ముందు టిప్స్ సరిచూడండి, అయినా ఒరిగితే రెండు వైపుల డ్రైవర్లూ జత కుదరలేదు, తిరిగి ఇచ్చెయ్యండి. చవకరకాల్లో ఈ తంటా ఎక్కువ. దీనికి మోనో పాట కంటే మంచి పరికరం ఇంట్లో దొరకదు.

తర్వాత సుశీలమ్మ పాట. స, శ, ష అక్షరాలు వచ్చిన చోట చెవి పెట్టండి. అక్కడ ఈల వేసినట్టు, గుచ్చినట్టు ఉంటే ఆరేడు వేల హెర్ట్జ్ దగ్గర ఏదో ఎక్కువ కలిపారు. మొదటి పది నిమిషాలు "ఆహా, ఎంత స్పష్టం" అనిపిస్తుంది, గంట తర్వాత తలనొప్పి. దుకాణంలో నెగ్గి ఇంట్లో ఓడిపోయేవి ఇవే.

మృదంగం సరిగా పలికించడం కష్టం. ఎడమ మూత మీద తడిపిన రవ్వ అద్ది, దాని బరువుతో గంభీరంగా పలికిస్తారు. కుడి మూత మీద కరణి అనే నల్లటి పూత ఉంటుంది, అది శ్రుతిగా, ఖణీమని పలకాలి. బేస్ పొంగే ఇయర్‌ఫోన్‌లో ఎడమ వైపు దెబ్బ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి గుమ్ముగుమ్మంటుంది. మంచిదాంట్లో దెబ్బ పడ్డ చోటు, అరచేయి జరిపితే సాగే నాదం విడివిడిగా తెలుస్తాయి. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం ఒకటి వినిపించమని అడగండి, ఏ అమ్మకందారు ఏమన్నా మృదంగం అబద్ధం చెప్పదు. తంబురా కూడా అంతే. తీగకూ బ్రిడ్జికీ మధ్య పెట్టే దారప్పోగు వల్ల వచ్చే ఆ జుమ్ములో పైస్థాయి స్వరాలు బోలెడు. ట్రెబుల్ చచ్చిన ఇయర్‌ఫోన్‌లో అది ఉత్త మూలుగులా ఉంటుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయిద్యం ట్రెబుల్ అతి చేసినవాటిని పట్టిస్తుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఏ దారిన పోతోందో కూనిరాగం తీయగలిగితే బేస్ బాగున్నట్టు. బేస్ ఉందని మాత్రమే తెలిసి, ఏ స్వరమో తెలియకపోతే బాగాలేనట్టు.

ఈ పరీక్షలు రేడియో వింటూ చేయకండి. ఎఫ్.ఎం.లో మీ దాకా వచ్చేది పదిహేను వేల హెర్ట్జ్ వరకే, మీడియం వేవ్‌లో ఇంకా చాలా తక్కువ. అన్నట్టు, ఈ ప్రసంగం ఎవరైనా ఫోన్‌లోని ఎఫ్.ఎం.లో వింటుంటే, వాళ్ల ఫోన్‌కు తీగ ఇయర్‌ఫోన్ గుచ్చే ఉంటుంది. మామూలుగా ఆ తీగే యాంటెనా. ఎఫ్.ఎం. సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని మూసెయ్యకండని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సలహా ఇచ్చింది గాని, గుచ్చే రంధ్రమే లేని ఫోన్‌లో ఆ సలహా ఏం చేసుకోను?

రంధ్రం లేనివాళ్ల సంగతి చూద్దాం. టైప్-సి పిన్ను నుంచి పాతకాలపు గుండ్రటి పిన్నుకు మార్చే బెత్తెడు తీగ ఒకటి దొరుకుతుంది. డాంగిల్ అంటారు. అందులో అంకెలను ధ్వనిగా మార్చే చిప్ ఉంటుంది. యాపిల్ కంపెనీ అమ్మేది వెయ్యి రూపాయల చుట్టుపక్కల, కొలతల్లో దాన్ని తప్పుపట్టే పని లేదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే మాత్రం శబ్దం తక్కువ వస్తుంది, అప్పుడు వేరే కంపెనీది చూసుకోవాలి. రెండు వేల ఇయర్‌ఫోన్‌కు పదివేల డాంగిల్ అంటగట్టేవాళ్లున్నారు. చెవిలో పెట్టుకునే రకాలు చాలా తక్కువ కరెంటుతో మోగుతాయి, వాటికి అంత ఆర్భాటం అనవసరం. మామూలు డాంగిల్‌తో నిశ్శబ్దంలో "స్" మని సన్నటి శబ్దం వస్తుంటే అప్పుడు మార్చండి.

ఇక అప్‌గ్రేడ్ మాట. ఒక్కసారి ఆ జబ్బు పట్టుకుంటే వదలదు. ఏడెనిమిది వేలు, ఆ పైన పదిహేను, ఆ పైన ముప్ఫై. మెట్టు ఎక్కుతున్నామనుకుంటాం. చాలాసార్లు పక్కింటికి మారుతున్నామంతే. పాతదాంట్లో బేస్ ఎక్కువ, కొత్తదాంట్లో గొంతు ఎక్కువ. కొత్త రుచి కాబట్టి నాలుగు రోజులు గొప్పగా ఉంటుంది. "బర్న్-ఇన్ అవ్వాలి, వంద గంటలు మోగించండి, అప్పుడు తెరుచుకుంటుంది" అని ఒక మాట ఉంది. ఆ వంద గంటల్లో అలవాటు పడేది ఎక్కువగా మన చెవి. ఈలోగా వెనక్కిచ్చే గడువు దాటిపోతుంది. చెవిలో పెట్టే వస్తువు కదా, డబ్బా విప్పాక వెనక్కి తీసుకోం అనే దుకాణాలు ఎలాగూ ఎక్కువే.

దుకాణంలో రెండిటిని పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏది కొంచెం గట్టిగా మోగితే అదే మేలనిపిస్తుంది మనిషి చెవికి. ఆ కొంచెం ఎంత కొంచెమంటే, గట్టిగా మోగుతోందని తెలియదు, బాగుందని మాత్రమే తెలుస్తుంది. కాబట్టి రెండిటి శబ్దాన్నీ సమానం చేశాకే పోల్చండి. వీలైతే ఏది ఏదో మీకు చెప్పకుండా పక్కవారిని మార్చమనండి. ధర చీటీ కనిపించకపోతే చాలా తేడాలు మాయమవుతాయి.

ఏడెనిమిది వేలలో ఏమొస్తుంది మరి? ట్రూథియర్ హెక్సా అని ఒకటుంది, ఒక్కో చెవికి నాలుగు డ్రైవర్లు. బేస్‌కు మామూలు డైనమిక్ డ్రైవర్ ఒకటి, అంటే స్పీకర్‌లో ఉండే అయస్కాంతం, తీగచుట్టే చిన్న రూపంలో. తక్కినవాటికి బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బియ్యపుగింజంత యంత్రాలు మూడు. ఈ ఆర్మేచర్లు వినికిడి యంత్రాల నుంచి వచ్చాయి. అమెరికాలో మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ 1991లోనే వాటితో ఇఆర్-4 తెచ్చింది. 1990ల మధ్యలో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీరు వాన్ హేలెన్ రాక్ బృందపు డ్రమ్మర్ కోసం చెవి అచ్చు తీసి ఇలాంటివి చేసిచ్చాడు. స్టేజి మీద హోరులో తన శబ్దం తనకు వినబడక ఆ డ్రమ్మర్ పడే బాధ అలా తీరింది. సినిమా పాటల కచేరీల్లో గాయకుల చెవుల్లో ఇప్పుడు కనిపించేవి ఆ వంశానివే. గుంపు వాయిద్యాల్లో ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించడం వీటి బలం. ఇరవై ముప్ఫై వయొలిన్లు ఒకేసారి లేచే సినిమా ఆర్కెస్ట్రా వింటే తేడా తెలుస్తుంది. ఒక గొంతు, ఒక తంబురా, ఒక మృదంగం వినేవారికి ఆ తేడా అంతగా అందదు. మీరు వినేదేదో చూసుకుని డబ్బు తియ్యండి.

డ్రైవర్ల లెక్క చూసి మాత్రం కొనకండి. చైనా కంపెనీ కేజెడ్ ఒక్కో చెవికి ఎనిమిది డ్రైవర్లు కూర్చి పదివేల లోపే అమ్మింది. జర్మన్ కంపెనీ సెన్‌హైజర్ 2021లో తెచ్చిన ఐఇ 900లో ఏడు మిల్లీమీటర్ల డ్రైవర్ ఒక్కటే, ధర లక్ష దాటింది. అదే సైజు ఒంటి డ్రైవర్ పెట్టి ఐఇ 200 అని వాళ్లే పదిహేను వేల లోపు అమ్ముతారు. సంఖ్య పెరిగితే వాటి మధ్య పొత్తు కుదర్చడం కష్టమవుతుంది, అంతే. ఎన్ని ఉన్నాయని కాకుండా ఎలా కుదిర్చారని అడగాలి.

ఇరవై, ముప్ఫై వేల దగ్గర మూన్‌డ్రాప్ బ్లెస్సింగ్ 3 లాంటివి నిజంగానే ముచ్చటగా ఉంటాయి. వీణ మీటు తర్వాత నాదం సన్నగిల్లుతూ పోయే తోక ఇంకొంచెం దూరం వినిపిస్తుంది. రెండు వేలదానికీ దీనికీ మధ్య తేడా ఉందా? ఉంది. పదిహేను రెట్లుందా? లేదు. డబ్బుండి, సంగీతం తప్ప వేరే వ్యసనం లేనివాళ్లు కొనుక్కోవచ్చు, నేను కాదనను. లక్ష దాటినవాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. కొనేవారు నన్నడగరు.

డబ్బు పెట్టకుండా రుచి మార్చే దారి ఒకటుంది, ఈక్వలైజర్. ఫోన్‌లో ఉంటుంది, లేకపోతే వేవ్‌లెట్ లాంటి యాప్ వేసుకోవచ్చు. యాక్కో పాసనెన్ చేసిన ఆటోఈక్యూలో వేలాది ఇయర్‌ఫోన్లకు ఏ స్థాయిలో ఎంత తగ్గించాలో, పెంచాలో లెక్కలున్నాయి, ఉచితంగా. పది వేలు పెట్టబోయే ముందు ఓ వారం దాంతో ఆడుకోండి. బేస్ తగ్గించుకుంటే తృప్తి కలిగిందంటే మీకు కావలసింది తక్కువ బేస్, కొత్త వస్తువు కాదు. అప్పుడూ తృప్తి లేకపోతే ఏం లేదో మీకు తెలిసిపోతుంది. నేను మొదట్లో అడిగిన కారణం అదే.

తీగ లేనివాటి మాట అడుగుతారని తెలుసు. బస్సులో, రైల్లో, విమానంలో బయటి రొదను ఎదురుశబ్దంతో చంపే ఏర్పాటు వాటిలో ఉంటుంది, ఇంజను మోత లాంటి ఏకధాటి రొదను బాగా తగ్గిస్తుంది. ప్రయాణాలు చేసేవారికి అది పెద్ద సుఖం. అదే ధరకు సంగీతం మాత్రం తీగ ఉన్నదాంట్లోనే ఎక్కువ దొరుకుతుంది, ఎందుకంటే తీగ లేనివాటిలో డబ్బు బ్యాటరీకి, రేడియోకి, ఛార్జింగ్ డబ్బాకి పంచాలి. ఆ బ్యాటరీ గోరంత. రెండు మూడేళ్లకు ఒకవైపుది గంటలోనే చచ్చిపోతుంటుంది, మార్చే వీలు సాధారణంగా ఉండదు. తీగ ఇయర్‌ఫోన్‌కు ఆ ఆయుర్దాయం గొడవ లేదు.

ఏది కొన్నా శబ్దం ఎంత పెడుతున్నారో చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 90 దగ్గర 4 గంటలే. టిప్ సరిగా అతుక్కుంటే బయటి రొద సగం అక్కడే ఆగిపోతుంది, శబ్దం పెంచే అవసరం రాదు. టిప్స్ గురించి అంతసేపు చెప్పడానికి ఇది రెండో కారణం.

కొత్తది కొనాలన్న ఆలోచన చాలామందికి ఒకవైపు శబ్దం తగ్గినప్పుడు పుడుతుంది. కొనే ముందు టిప్ ఊడదీసి వెలుతురులో చూడండి. ఇయర్‌ఫోన్ మూతి మీద సన్నటి జల్లెడ ఉంటుంది. దాని మీద గులిమి పేరుకుని ఉంటే అదే కారణం. మూతిని నేలవైపు వంచి పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్షుతో తుడవండి. నేలవైపు ఎందుకంటే, రాలింది లోపలికి పోకూడదు. సూదితో పొడవకండి, జల్లెడ చిరిగితే డ్రైవర్‌కు దిక్కులేదు. అంటించుకునే కొత్త జల్లెడలు కొన్ని పదుల రూపాయలకు దొరుకుతాయి. అప్పటికీ తగ్గుదల ఉంటే ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టి ఆ ఘంటసాల పాటే మళ్లీ వినండి. తగ్గుదల ఇయర్‌ఫోన్‌తో పాటు రెండో చెవికి మారిందంటే ముందు తీగ మార్చి చూడండి, కాకపోతే కొత్తది కొనండి. మారకుండా అదే చెవిలో ఉండిపోయిందంటే దుకాణానికి వెళ్లకండి, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.